కొత్తపేటలో ఫీల్డ్ టెస్ట్: నాలుగు స్టార్లూ మెషీన్ పక్కన కూర్చునే అమ్మాయికే

మొదటే చెప్పేస్తా, ఈ రివ్యూ గుంటూరు కొత్తపేటలో ఉన్న ఈ కంటి ఆసుపత్రి మొత్తానికి కాదు. రెండో అంతస్తులో లిఫ్టు దిగగానే కుడిపక్క చివర ఒక గది ఉంది, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) కోసం ఫీల్డ్ టెస్ట్, అంటే ఎదురుగా చూస్తుంటే చుట్టూ ఎక్కడెక్కడ కనపడుతోందో చూసే టెస్టు, చేసేది. దానికి మాత్రమే. ఇక్కడ శుక్లాల ఆపరేషన్లు ఎలా చేస్తారో, కింద కళ్ళజోళ్ళ షాపులో రేట్లు ఎట్లా ఉంటాయో నన్నడగొద్దు.

నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ షాపు గుమస్తాని. వయసు యాభై దాటింది. చార్టు మీద ఆఖరి వరుస దాకా గడగడా చదివేస్తా. దగ్గర చూపుకి అద్దాలు తప్ప కళ్ళతో నాకే ఇబ్బందీ లేదు. మరి ఈ టెస్టు ఎందుకంటే, మా పెద్దన్నయ్యకి గ్లకోమా. మా ఊరి వైపు నీటికాసులు అంటారు. ఆయన కుడికన్ను దాదాపు పోయాక గానీ సంగతి బయటపడలా. శుక్లం ముదిరిందిలే, పంట డబ్బులొచ్చాక ఆపరేషన్ చేయించుకుందాం అని కూర్చున్నాడు పాపం. శుక్లం అయితే తీసేసి లెన్సు పెడితే చూపొస్తుంది. ఇందులో కంటి నరం ఎంత పోతే అంత పోయినట్టే, ఏ మందుకీ తిరిగి రాదు. తోడబుట్టిన వాళ్ళలో ఒకరికి ఉంటే మిగతావాళ్ళకి వచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా చాలా ఎక్కువని అన్నయ్యని చూసే డాక్టరు గట్టిగా చెబితే నేను బయల్దేరా.

అంతకుముందు యార్డు దగ్గర ఒక కంటి క్యాంపు పెట్టారు. అక్కడ కళ్ళలో ప్రెషర్ చూసి 18 ఉంది, బ్రహ్మాండం, పొమ్మన్నారు. 10 నుంచి 21 దాకా నార్మల్ అనేది అందరూ చెప్పే లెక్కే. కానీ ప్రెషర్ ఆ లెక్కలోనే ఉండి కూడా నరం దెబ్బతినేవాళ్ళు బోలెడంతమంది ఉంటారట. కంటి ముందు పొర పలచగా ఉన్నవాళ్ళకైతే మెషీన్ అసలు ప్రెషర్ కన్నా తక్కువ చూపిస్తుందట. ఇవన్నీ ఇక్కడికొచ్చాక తెలిసిన ముక్కలు. క్యాంపులో ఆ టైము ఎవరికుంటుంది.

ఇక్కడికి రాకముందు వేరే ఒకచోట ఫీల్డ్ టెస్ట్ చేయించుకున్నా. పేరు రాయను. అక్కడ మెషీన్ బిల్లింగు కౌంటర్ పక్కన, కర్టెన్ వెనకాల ఉంది. ఒక కుర్రాడు కన్నుకి ప్లాస్టర్ వేసి, చేతిలో బటన్ పెట్టి, "లైటు కనపడితే నొక్కండి" అని చెప్పి ఫోన్ పట్టుకుని బయటికెళ్ళాడు. లోపల తెల్లటి గిన్నెలాంటి గుండ్రటి గోడ, మధ్యలో ఒక పసుపు లైటు. ఎప్పుడు మెరుస్తుందో, ఎక్కడ మెరుస్తుందో తెలియదు. కౌంటర్ దగ్గర ఎవరో చిల్లర కోసం గొడవ. నేను లైటు కోసం కన్ను అటూ ఇటూ తిప్పి వెతుకుతా ఉన్నా. వద్దని ఎవరూ చెప్పలా మరి. కాసేపటికి కునుకు కూడా పట్టింది. రిపోర్టులో సగం బొమ్మ నల్లగా వచ్చింది. అక్కడి డాక్టరు దాన్ని పైకెత్తి చూసి, "బాగా పోయిందండీ, జీవితాంతం చుక్కలు వేసుకోవాలి" అన్నారు. రెండు నిమిషాల మాట. ఆ రాత్రి మా ఇంటిదానికి అన్నం సహించలా.

ఆ కాగితమే ఇక్కడ డాక్టరమ్మ ముందు పెట్టా. ఆవిడ నల్ల బొమ్మ జోలికే పోలేదు. ఎడమ పక్కన పైన చిన్న అక్షరాల్లో ఉన్న మూడు వరుసలు చూసి, పెన్ను పెట్టి నాకు చూపించారు. ఫిక్సేషన్ లాసెస్ 9/14, దాని పక్కన రెండు ఇంటూ గుర్తులు. మనిషి మధ్య లైటు మీద చూపు నిలిపాడా లేదా అని మెషీనే మధ్యమధ్యలో పరీక్ష పెడుతుందట. అందరి చూపులోనూ కణత వైపు దాదాపు 15 డిగ్రీల దూరంలో ఒక గుడ్డి మచ్చ ఉంటుంది, కంటి నరం బయటికెళ్ళే చోటు వల్ల వచ్చేది. మెషీన్ సరిగ్గా అక్కడే లైటు వేస్తుంది. చూపు కదలకుండా ఉంటే అది కనపడదు. నొక్కామంటే కన్ను పక్కకి పోయిందని లెక్క. నేను 14 సార్లకి 9 సార్లు నొక్కా. "ఐదింట ఒకటి దాటితేనే అనుమానించాలి. ఈ కాగితం మీద నేనేం చెప్పను, మీకుందనీ చెప్పను, లేదనీ చెప్పను. మళ్ళీ చేద్దాం" అన్నారు ఆవిడ. గుమస్తాగిరీలో ఇన్నేళ్ళున్నా, తప్పుడు లెక్క అని తనమీద తనే గుర్తు వేసుకుని వచ్చే కాగితం నేనెక్కడా చూళ్ళేదు. దాన్ని చదివే నాథుడు లేకపోవడమే అక్కడ జరిగింది.

ఇప్పుడు అసలు విషయం. టెస్టు చేసే అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయేమో. మెషీన్ అక్కడా ఇక్కడా ఒకటే, జైస్ వాళ్ళ హంఫ్రీ. కానీ గది వేరు: తలుపేస్తే చప్పుడు లేదు, ఏసీ మొహం మీదకి కొట్టదు, స్టూలు కాకుండా ఎత్తు మార్చుకునే కుర్చీ. కూర్చోబెట్టి ముందు నా కళ్ళజోడు తీసుకుని ఇంకో మిషన్లో పెట్టి దాని పవర్ చూసింది. ఆ గిన్నె గోడ మన కంటికి ఒక అడుగు దూరంలో ఉంటుంది కాబట్టి నా వయసుకి తగ్గ దగ్గర చూపు లెన్సు ఎదురుగా తగిలించాలట. మొదటి చోట అసలు లెన్సే పెట్టలేదు. లెన్సు కంటికి ఎడంగా ఉన్నా కష్టమే, దాని అంచు అడ్డమొచ్చి చుట్టూ నల్లటి గీత వస్తుందని వేలితో జరిపి జరిపి సరిచేసింది.

తర్వాత చెప్పిన మాటలు దాదాపు యథాతథంగా రాస్తున్నా, టెస్టుకి వెళ్ళబోయే ఎవరికైనా పనికొస్తాయి:

"బాబాయ్ గారూ, లైటు కోసం వెతకమాకండి. మధ్యలో పసుపు లైటు చూస్తా ఉండండి. పక్కన ఎక్కడో మెరిసినట్టు అనిపిస్తే చాలు, నొక్కండి. సగం లైట్లు మీకు కనపడవు. అంత చిన్నగా వేస్తది మెషీను, ఎవరికీ కనపడవు. కనపడట్లేదని కంగారుపడి ఊరికే నొక్కమాకండి. నొక్కేటప్పుడే రెప్ప వేసుకోండి. అలసట అనిపిస్తే బటన్ నొక్కి అట్టే పట్టుకోండి, టెస్టు ఆగుద్ది. వదిలితే మళ్ళా మొదలవుద్ది."

సగం లైట్లు కనపడవన్న ఆ ఒక్క మాట ముందే తెలిస్తే మనిషికి ఎంత నిబ్బరమో. మొదటి చోట నేను కళ్ళు పోయాయనుకుని చెమటలు కక్కింది దానికే. ఆ చుక్క మెరిసేది సెకనులో ఐదో వంతు. కనపడ్డ చోట ఇంకా మసక లైటు వేస్తుంది, కనపడకపోతే వెలుగు పెంచి మళ్ళీ వేస్తుంది. అలా ఒక్కో చోటా మనం పట్టుకోగలిగే అతి సన్నటి వెలుగు ఏదో తేలుస్తుంది. చూపుకి అంచుల దగ్గర బేరమాడినట్టుంటుంది కాబట్టి సగం ఓడిపోవడమే సరైన టెస్టు.

ఇక ఆ అమ్మాయి చేసిన ఇంకో పని దగ్గర నేను నిజంగా నోరు తెరిచా. ముందు ఒక డెమో టెస్టు పెట్టి, స్క్రీన్ మీద నా కన్ను చూసి, "బాబాయ్ గారూ, మీ ఎడమ రెప్ప కొంచెం వాలి ఉంది, అది అడ్డమొచ్చి పైన నల్లగా వస్తది" అని సన్న పేపర్ ప్లాస్టర్ ముక్క తీసి రెప్పని నుదుటి వైపు లాగి అంటించింది. మధ్యలో కన్ను ఆరిపోకుండా రెప్ప వేయగలిగేంత వదులుగానే. మొదటి రిపోర్టులో పైభాగం అంచు పొడుగునా నల్లగా ఉంది కదా, ప్లాస్టర్ వేశాక అది మాయమైంది. అంటే అదంతా నా రెప్ప. జబ్బు కాదు. మాయం కానిది మాత్రం ఒకటి మిగిలింది: ముక్కు వైపు, పైసగంలో, బొమ్మని పైసగం కిందిసగం చేసే అడ్డగీతకి ఆనుకుని నాలుగైదు నల్ల చుక్కలు. అడ్డగీత దగ్గర మెట్టులాగా తెగింది. కింద అంతా శుభ్రం. ఫిక్సేషన్ లాసెస్ ఈసారి 1/13.

టెస్టు నడుస్తున్నంత సేపూ పక్కనే కూర్చుంది. "బాగా చేస్తున్నారు, ఇంకొక్క నిమిషం" అంటూ, గడ్డం జారితే సర్దుతూ. ఒక్కో కంటికి ఐదారు నిమిషాలు పట్టిందేమో. మా అన్నయ్య ఒకప్పుడు ఒక్కో కంటికి పావుగంట కూర్చునేవాడు. ఆ కాలాన్ని సగానికి తగ్గించింది 1990ల చివర్లో స్వీడన్ వాళ్ళు కట్టిన సీటా అనే లెక్కల పద్ధతట. ఇప్పుడు దానిలో ఇంకా త్వరగా అయ్యే రకాలు కూడా వచ్చాయి.

ఆ నాలుగైదు చుక్కలు చూసి కూడా డాక్టరమ్మ అదేరోజు తేల్చలేదు. మొదటిసారి, రెండోసారి చేసేవాళ్ళు టెస్టు నేర్చుకుంటూ ఉంటారు, చేసేకొద్దీ రిజల్ట్ మెరుగవుతుంది, అందుకని కొన్ని వారాలాగి ఇంకోసారి రమ్మన్నారు. వెళ్ళా. మళ్ళీ అవే చుక్కలు, అదే చోట. అప్పుడు నరం పొర మందం కొలిచే ఓసీటీ స్కాన్ పక్కన పెట్టారు. దాంట్లో ఎడమ కంటి నరం కింది అంచున పొర పలచబడి ఉంది. నరం కింద పోతే చూపు పైన ఎందుకు పోయిందని అడిగా. కంటి లోపల బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి కిందిభాగం నరాలు చూసేది పై లోకాన్ని అన్నారు. స్కానూ టెస్టూ రెండూ ఒకే చోటుని చూపించాయి కాబట్టే ఇప్పుడు పేరు పెట్టగలనన్నారు: తొలిదశ గ్లకోమా.

స్కాన్ ఉండగా ఈ లైట్ల ఆట ఎందుకు అన్నది నా రెండో ప్రశ్న. ఆవిడ నిజాయితీగా చెప్పారు. ఈ టెస్టులో తేడా కనిపించేసరికే కంటి నరంలో పాతిక నుంచి ముప్ఫై ఐదు శాతం దాకా కణాలు పోయి ఉండొచ్చట, అందుకని మొదట్లో చాలామందికి స్కానే ముందు చెబుతుంది. కానీ కొందరిలో స్కాన్ బాగుండి టెస్టులోనే ముందు తేలుతుంది. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్ళకి స్కాన్ పొర పలచబడిందని ఊరికే ఎర్రగా చూపించి భయపెడుతుంది. పైగా మనం బతికేది చూపుతో, నరం మందంతో కాదు కదా. జబ్బు పెరుగుతోందా ఆగిందా అని ఏళ్ళ తరబడి చూసుకోవడానికి రెండూ కావాలి.

ఆ ఫీల్డ్ టెస్ట్ పేరు 24-2. చూపు మొత్తంలో 54 చోట్ల మాత్రమే చూస్తుంది, ఒక్కో చోటుకీ మధ్య 6 డిగ్రీల ఎడం. దీన్ని మా యార్డు లెక్కలో అయితే నేను బాగా అర్థం చేసుకున్నా. తేజ రకం మిర్చి టిక్కీల (బస్తాల) లాటు వస్తే ప్రతి కాయనీ ఎవడూ చూడడు, అక్కడక్కడ టిక్కీ కోసి గుప్పెడు తీస్తాం. తాలు కాయ సరిగ్గా రెండు గుప్పిళ్ళ మధ్య ఉందనుకో, దొరకదు. అందుకే డాక్టరమ్మ చూపుకి నట్టనడుమ ప్రాంతం కోసం 10-2 అనే ఇంకో టెస్టు కూడా రాశారు. దాంట్లో 68 చుక్కలు, 2 డిగ్రీలకొకటి. మనం చదివేదీ, లెక్క రాసేదీ, మొహాలు గుర్తుపట్టేదీ ఆ నడుమ ముక్కతోనే. గ్లకోమా అంచుల నుంచే వస్తుందని అందరూ అంటారు గానీ తొలిదశలోనే నడుమ దగ్గర కొరికేది కూడా ఉంటుందట. నాకక్కడ ఏం లేదు, బతికిపోయా.

డాక్టరమ్మ అడిగిన ఒక ప్రశ్న యార్డువాళ్ళందరూ వినాలి. "ఘాటుకి కళ్ళు ఎర్రబడితే ఏమన్నా చుక్కలు కొనుక్కుని వేసుకుంటారా?" అని. నేను చల్లనీళ్ళతో కడుక్కోవడమే, ఏవీ వేయను. కానీ మా హమాలీల్లో సగం మంది జేబులో ఒక సీసా ఉంటుంది. మెడికల్ షాపుకెళ్ళి ఎర్రకళ్ళకి మందివ్వమంటే ఇచ్చేస్తారు, వేస్తే గంటలో తెల్లబడుతుంది, సీజనంతా వేస్తారు. వాటిల్లో చాలావాటిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. వారాల తరబడి వేస్తే కొందరికి కంటి ప్రెషర్ నొప్పి లేకుండానే పైకెళ్ళిపోయి నరాన్ని తినేస్తుంది. గంటలో ఎరుపు తగ్గించే మందు డాక్టరు రాయకుండా ఎవరిచ్చినా సీసా మీద పేరు చదివించుకోండి. మా షాపు దగ్గర ముగ్గురిని పంపించా, ఒకడే వెళ్ళాడు.

ఇంకో ప్రశ్న, ఆయాసం ఉందా అని. ఉంది, మిరప దుమ్ములో ఇన్నేళ్ళుంటే ఉండక ఏం చేస్తుంది. గ్లకోమాకి ఎక్కువగా రాసే చుక్కల్లో టిమొలాల్ ఒకటి. అది కంట్లో వేసినా ఒంట్లోకి పోయి ఆయాసం ఉన్నవాళ్ళకి ఊపిరి బిగబట్టేస్తుంది. మొదటి చోట జీవితాంతం వేసుకోమని రాసింది సరిగ్గా ఆ రకమే. ఆయాసం సంగతి అడగనే లేదు. ఇక్కడ రాత్రిపూట ఒక్క చుక్క వేసే వేరే రకం ఇచ్చారు. వేశాక కన్ను మూసి ముక్కు పక్క మూల వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. రెప్ప వెంట్రుకలు పొడుగవుతాయి, కళ్ళు కాస్త ఎరుపెక్కొచ్చు అని ముందే చెప్పారు. ఎరుపు మాకేం కొత్త.

మెచ్చుకోవడం అయింది, ఇక తిట్లు. టోకెన్ పద్ధతి దారుణం. ఫీల్డ్ టెస్టుకీ ఓపీకీ ఒకటే వరుస నెంబర్లు, ఎవరిని ఎక్కడికి పిలుస్తున్నారో మైకులో ఆ యాసకి అర్థం కాదు. ఎదురుచూసే హాల్లో ఫ్యాన్లు పైకప్పుకే గాలి కొడతాయి. రిపోర్టు కాపీ అడిగితేనే ఇస్తారు, అదీ తెలుపు నలుపు జిరాక్స్. ఓసీటీ కాగితంలో రంగులే ముఖ్యం కదండీ, జిరాక్స్‌లో ఎరుపూ పచ్చా ఒకటే అయిపోతే దాన్నేం చేసుకోవాలి? గట్టిగా అడిగాక కలర్ ప్రింటు ఇచ్చారు. మీరూ అడగండి, ఆ మొదటి రెండు మంచి రిపోర్టులే ముందు ముందు పోల్చుకోవడానికి పునాది. ఇంకో ఊరు మారినా పట్టుకెళ్ళాలి. ఖర్చు రెండు కళ్ళ ఫీల్డ్ టెస్టుకీ కలిపి వెయ్యి లోపే అయింది, ఓసీటీ విడిగా ఎక్కువే. కౌంటర్ దగ్గర రేట్ల బోర్డు లేదు, అడిగి తెలుసుకోవాలి. ఒక స్టారు కోసింది వీటన్నిటికీ కలిపి.

వెళ్ళేవాళ్ళకి: పొద్దున్నే వెళ్ళండి, నిద్ర చాలనిరోజు వద్దు. వాడే కళ్ళజోడు తీసుకెళ్ళండి. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయకముందే ఫీల్డ్ టెస్ట్ చేయమని చెప్పండి, వేశాక చేస్తే చూపు మసకగా ఉండి లెక్క తేడా వస్తుంది. ఆ రోజు బండి నడిపేవాళ్ళని వెంట తీసుకెళ్తే మంచిది. ఆ అమ్మాయి డ్యూటీ ఏ రోజో ఫోన్ చేసి కనుక్కోండి. ఆదివారం వేరే అతను ఉంటాడట, అతని గురించి నాకు తెలియదు.

నా తర్వాతి టెస్టు ఆరు నెలలకి. ఈసారి పెద్దన్నయ్య కొడుకుని కూడా లాక్కెళ్తున్నా, వాడికి నలభై నిండాయి, చూపు బ్రహ్మాండం అంటాడు. కొత్తపేటలో ఆసుపత్రుల ముందు బండి పెట్టడానికి చోటు వెతికే పని వాడికే అప్పజెప్పా.